ఎస్‌క్యూలైట్

ఎస్‌క్యూలైట్ ఒక అంతర్నిహిత రిలేషనల్ డేటాబేసు. వేరే సర్వరు ప్రోగ్రాముగా కాక, తనను వాడుకొనే అనువర్తనంలోనే ఒక భాగంగా కలిసిపోయి పనిచేసే డేటాబేసును అంతర్నిహిత డేటాబేసు అంటారు. ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వంటి వ్యవస్థలలో డేటాబేసు సర్వరు ఎడతెగక నడుస్తూ ఉంటుంది, అనువర్తనాలు దానికి విన్నపాలు పంపి జవాబులు పొందుతాయి. ఎస్‌క్యూలైట్‌లో సర్వరు లేదు, ప్రత్యేకంగా స్థాపించవలసిన సేవ లేదు, వాడుకరి పేరు, సంకేతపదం లేవు. పట్టికలు, సూచీలు, సమాచారం అన్నీ కలిపి ఒకే ఫైలులో ఉంటాయి.

దీనిని నిర్వహించడానికి ఎవరూ అక్కరలేదని తరచుగా చెబుతారు. నిర్వాహకుడు లేకపోయినంత మాత్రాన నిర్వహణ పని లేకుండా పోదు. ఫైలును ఎక్కడ ఉంచాలి, కరెంటు పోయినప్పుడు ఏమి జరగాలి, నకలు ఎప్పుడు తీయాలి, కొత్త కూర్పు వచ్చినప్పుడు పాత పట్టికలను ఎలా మార్చాలి అనే విషయాలన్నీ అనువర్తన రచయిత ముందుగానే ఆలోచించి ప్రోగ్రాములో రాసిపెట్టాలి. డెస్క్‌టాప్ అనువర్తనాలలో సమాచార నష్టం చాలావరకు డేటాబేసు లోపం వలన కాక, ఈ నిర్ణయాలను విస్మరించడం వలన కలుగుతుంది.

## చరిత్ర

ఎస్‌క్యూలైట్‌ను డి. రిచర్డ్ హిప్ 2000 సంవత్సరంలో రూపొందించాడు. ఆ సమయంలో అతడు జనరల్ డైనమిక్స్ సంస్థ తరఫున అమెరికా నౌకాదళపు క్షిపణి విధ్వంసక నౌకలకు అవసరమైన సాఫ్టువేరుపై పనిచేస్తున్నాడు. ఆ సాఫ్టువేరు ఇన్‌ఫార్మిక్స్ డేటాబేసు సర్వరుపై ఆధారపడి ఉండేది. సర్వరు పనిచేయకపోతే అనువర్తనం కూడా పనిచేసేది కాదు. డేటాబేసును స్థాపించే అవసరం గాని, నిర్వాహకుని అవసరం గాని లేకుండా ప్రోగ్రాము నడవాలన్న ఆలోచన నుండి ఎస్‌క్యూలైట్ పుట్టింది.

మొదటి కూర్పు 2000 ఆగస్టులో విడుదలయింది. 2001లో వచ్చిన రెండవ కూర్పు సొంత బి-ట్రీ నిర్మాణాన్ని ప్రవేశపెట్టింది. 2004లో వచ్చిన మూడవ కూర్పు యూటీఎఫ్-8, యూటీఎఫ్-16 సంకేత పద్ధతులలో పాఠ్యాన్ని భద్రపరిచే వీలు కల్పించింది. ఆనాటి ఫైలు రూపమే నేటికీ కొనసాగుతోంది, అందువలన 2004లో తయారైన మూడవ కూర్పు ఫైలును నేటి లైబ్రరీతో కూడా తెరవవచ్చు. 2050 వరకు దీనిని కొనసాగించే ఉద్దేశంతో ఉన్నామని రూపకర్తలు ప్రకటించారు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సమాచారాన్ని దీర్ఘకాలం భద్రపరచడానికి సిఫారసు చేసే ఫైలు రూపాలలో ఇది కూడా ఉంది.

ఎస్‌క్యూలైట్ మూల సంకేతం ఎవరి హక్కులకూ లోబడకుండా ప్రజల సొత్తుగా విడుదల చేయబడింది. కాబట్టి వాణిజ్య అనువర్తనాలలో కూడా అనుమతి గాని, రుసుము గాని లేకుండా వాడుకోవచ్చు. పైథాన్ భాష 2006లో వచ్చిన 2.5 కూర్పు నుండి దీనిని తనతోపాటే అందిస్తోంది. ఫైర్‌ఫాక్స్ విహారిణి 2008లో వచ్చిన మూడవ కూర్పు నుండి పేజీ గుర్తులను, చూసిన పేజీల చరిత్రను ఇందులోనే దాస్తోంది. ఆండ్రాయిడ్, ఐఫోన్ చరవాణులన్నిటిలోనూ ఇది ఉంటుంది.

## పనిచేసే విధానం

ఎస్‌క్యూలైట్ సి భాషలో రాసిన ఒక లైబ్రరీ. మూల సంకేతమంతటినీ కలిపి రెండు లక్షలకు పైగా పంక్తులు గల ఒకే సి ఫైలుగా కూడా విడుదల చేస్తారు. అనువర్తనం ఒక ఎస్‌క్యూఎల్ వాక్యాన్ని ఇచ్చినప్పుడు, లైబ్రరీ దానిని చదివి, అర్థం చేసుకొని, డిస్కులోని ఫైలును తానే నేరుగా చదువుతుంది లేదా రాస్తుంది. మధ్యలో నెట్‌వర్కు ప్రయాణం ఉండదు.

డేటాబేసు ఫైలు సమాన పరిమాణం గల పుటలుగా విభజించబడి ఉంటుంది. పుట పరిమాణం 512 నుండి 65,536 బైట్ల వరకు ఉండవచ్చు. 2016 నుండి సాధారణ పరిమాణం 4,096 బైట్లు. ఫైలు గరిష్ఠ పరిమాణం సుమారు 281 టెరాబైట్లు కాబట్టి సాధారణ అనువర్తనాలు ఈ హద్దును చేరవు.

ఒకే ఫైలును అనేక ప్రోగ్రాములు ఏకకాలంలో చదవవచ్చు, కాని ఒక సమయంలో ఒకరే రాయగలరు. ఇతరులు రాసే ప్రయత్నం చేస్తే డేటాబేసు తీరిక లేదన్న సమాధానం వస్తుంది. ఇటువంటప్పుడు వెంటనే విఫలం కాకుండా కొన్ని సెకన్లు వేచి ఉండేటట్లు అనువర్తనంలో గడువు నిర్ణయించుకోవాలి.

## అనువర్తనంలో చేర్చడం

సి, సి++ భాషలలో రాసే అనువర్తనాలలో పైన చెప్పిన ఒకే ఫైలును మిగిలిన సంకేతంతో కలిపి సంకలనం చేయడం సులువైన మార్గం. అప్పుడు విడిగా పంపవలసిన లైబ్రరీ ఫైలు ఉండదు. ఇతర భాషలలో ఒక చోదకం ద్వారా లైబ్రరీని వాడతారు. రచయిత కంప్యూటరులో చక్కగా నడిచిన అనువర్తనం వాడుకరి కంప్యూటరులో నడవకపోవడానికి తరచు ఈ చోదకమే కారణమవుతుంది. అటువంటి సందర్భాలు కొన్ని:

* విండోస్‌లో 32 బిట్ల అనువర్తనం 64 బిట్ల లైబ్రరీని గాని, 64 బిట్ల అనువర్తనం 32 బిట్ల లైబ్రరీని గాని వాడుకోలేదు. రెండూ ఒకే రకానికి చెంది ఉండాలి.
* క్యూటీ వాడి రాసిన అనువర్తనంలో ఎస్‌క్యూలైట్ చోదకం సాధారణంగా విడి ప్లగిన్ ఫైలుగా ఉంటుంది. దానిని నిర్ణీత ఉపఫోల్డరులో ఉంచి పంపకపోతే అనువర్తనం తెరుచుకుంటుంది గాని డేటాబేసు తెరుచుకోదు.
* జావాలో ఎక్కువగా వాడే చోదకం తన లోపలి లైబ్రరీని నడిచే సమయంలో తాత్కాలిక ఫైళ్ళ ఫోల్డరులోకి తీసి వాడుతుంది. ఆ ఫోల్డరులోని ఫైళ్ళను నడపడానికి అనుమతి లేని కంప్యూటర్లలో ఇది విఫలమవుతుంది.

డేటాబేసును తెరిచిన ప్రతిసారీ చేయవలసిన అమరికలు కొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది ఫారిన్ కీ తనిఖీ. ఒక గ్రంథాలయ అనువర్తనంలో పుస్తకాల పట్టిక, ఎరువుల పట్టిక ఉన్నాయనుకుందాం. లేని పుస్తకాన్ని ఎరువు ఇచ్చినట్లు నమోదు కాకుండా ఫారిన్ కీ ఆపుతుంది. అయితే పాత అనువర్తనాలు చెడిపోకూడదన్న ఉద్దేశంతో ఎస్‌క్యూలైట్‌లో ఈ తనిఖీ సహజంగా ఆపివేయబడి ఉంటుంది, ప్రతి అనుసంధానంలోనూ విడిగా ప్రారంభించాలి. అలాగే అంకెల కోసం ఉద్దేశించిన నిలువు వరుసలో అక్షరాలు రాసినా ఎస్‌క్యూలైట్ సాధారణంగా అడ్డుచెప్పదు. 2021లో వచ్చిన 3.37 కూర్పు నుండి పట్టికను స్ట్రిక్ట్ అని ప్రకటిస్తే ఆ నియమాన్ని అమలు చేస్తుంది.

## డేటాబేసు ఫైలు ఉండవలసిన చోటు

కొత్త రచయితలు డేటాబేసు ఫైలును అనువర్తనం పక్కనే, అంటే విండోస్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరులో ఉంచుతారు. సాధారణ వాడుకరికి ఆ ఫోల్డరులో రాసే అనుమతి ఉండదు. నిర్వాహక హక్కులతో పరీక్షించిన రచయితకు ఈ సంగతి తెలియదు. పైగా విండోస్ విస్టా నుండి, ఈ మార్పుకు సిద్ధంగా లేని 32 బిట్ల పాత అనువర్తనాలు అక్కడ రాయబోతే విండోస్ ఆ రాతలను వాడుకరి సొంత ఫోల్డరులోని వర్చువల్ స్టోర్ అనే చోటికి మళ్ళిస్తుంది. అప్పుడు ఒకే కంప్యూటరును వాడే ఇద్దరికి రెండు వేర్వేరు డేటాబేసులు కనిపిస్తాయి. నకలు తీసేవారు ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఖాళీ ఫైలును నకలు తీసి, పని పూర్తయిందని అనుకొంటారు.

ప్రతి ఆపరేటింగు సిస్టములోనూ అనువర్తన సమాచారానికి నిర్ణీత స్థానం ఉంది. విండోస్‌లో ఒక్క వాడుకరికి చెందిన సమాచారాన్ని యాప్‌డేటా ఫోల్డరులో ఉంచాలి. కంప్యూటరులోని అందరికీ చెందిన సమాచారాన్ని ప్రోగ్రామ్‌డేటా ఫోల్డరులో, తగిన అనుమతులు ఏర్పరచి ఉంచాలి. మ్యాక్‌లో లైబ్రరీ ఫోల్డరులోని అప్లికేషన్ సపోర్ట్, లినక్స్‌లో వాడుకరి సొంత ఫోల్డరులోని లోకల్ షేర్ దీనికి ఉద్దేశించినవి. ఈ దారులను చేత్తో రాయక, ఆపరేటింగు సిస్టమును అడిగి తెలుసుకోవాలి.

ఫైలు దారిని పూర్తిగా ఇవ్వడం కూడా ముఖ్యం. తెరవమన్న చోట ఫైలు లేకపోతే ఎస్‌క్యూలైట్ మారుమాట లేకుండా కొత్త ఖాళీ ఫైలును సృష్టిస్తుంది. కేవలం ఫైలు పేరు మాత్రమే ఇస్తే, అనువర్తనాన్ని ఏ ఫోల్డరు నుండి ప్రారంభించారన్న దానిని బట్టి వేర్వేరు ఫైళ్ళు తెరుచుకొంటాయి. వాడుకరికి ఖాళీ పట్టికలు కనిపించి, తన సమాచారమంతా పోయిందన్న భయం కలుగుతుంది. నిజానికి అది వేరే ఫోల్డరులో భద్రంగానే ఉంటుంది. మొదటిసారి నడిచినప్పుడు మాత్రమే ఫైలును సృష్టించి, ఆ తరువాత సృష్టించే అనుమతి లేకుండా తెరిస్తే ఈ ఇబ్బంది రాదు.

ఫైలు దారిని ఎస్‌క్యూలైట్‌కు యూటీఎఫ్-8 సంకేతాలలో ఇవ్వాలి. విండోస్‌లో వాడుకరి పేరు తెలుగు లిపిలో ఉంటే అతని సొంత ఫోల్డరు పేరు కూడా తెలుగులో ఉండవచ్చు. దారిని పాత పద్ధతి సంకేతాలలో ఇచ్చే అనువర్తనాలు అటువంటి కంప్యూటర్లలో విఫలమవుతాయి.

నెట్‌వర్కులో పంచుకొన్న ఫోల్డరులో డేటాబేసును ఉంచడం మంచిది కాదు. ఏకకాలంలో ఇద్దరు రాయకుండా ఆపడానికి ఎస్‌క్యూలైట్ ఫైలు తాళాలపై ఆధారపడుతుంది. నెట్‌వర్కు ఫైలు వ్యవస్థలు చాలావాటిలో ఈ తాళాలు సరిగా పనిచేయవు. అంతర్జాలంతో తమంతట తాము ఫైళ్ళను సరిపోల్చుకొనే ఫోల్డర్లలోనూ ఇదే ప్రమాదం ఉంది. డేటాబేసు ఫైలు ఒక క్షణంలో, దాని అనుబంధ ఫైలు మరొక క్షణంలో నకలైతే ఆ రెండింటికీ పొంతన కుదరదు.

## లావాదేవీలు, విద్యుత్ అంతరాయం

లావాదేవీ అనగా పూర్తిగా జరగవలసిన, లేదా అసలే జరగకూడని మార్పుల సమూహం. గ్రంథాలయంలో పుస్తకం ఎరువు ఇచ్చినప్పుడు ఎరువుల పట్టికలో ఒక వరుస చేరాలి, పుస్తకాల పట్టికలో ప్రతుల సంఖ్య ఒకటి తగ్గాలి. మొదటిది జరిగి రెండవది జరగకముందే కరెంటు పోతే లెక్క తప్పుతుంది. ఈ రెండింటినీ ఒకే లావాదేవీలో ఉంచితే ఆ తప్పు జరగదు.

ఇందుకు ఎస్‌క్యూలైట్ రెండు పద్ధతులను వాడుతుంది. మొదటిది రోల్‌బ్యాక్ జర్నల్. ఒక పుటను మార్చే ముందు దాని పాత రూపాన్ని జర్నల్ అనే పక్క ఫైలులో రాసిపెడుతుంది. మధ్యలో కంప్యూటరు ఆగిపోతే, మళ్ళీ తెరిచినప్పుడు జర్నల్‌లోని పాత పుటలను తిరిగి యథాస్థానంలో ఉంచుతుంది. రెండవది 2010లో 3.7 కూర్పుతో వచ్చిన వాల్ పద్ధతి. ఇందులో కొత్త మార్పులను మొదట వాల్ అనే పక్క ఫైలులో రాసి, తరువాత వీలు చూసుకొని అసలు ఫైలులోకి చేరుస్తుంది. ఈ పద్ధతిలో ఒకరు రాస్తుండగానే ఇతరులు చదవవచ్చు, కాని అందరూ ఒకే కంప్యూటరులో ఉండాలి.

రాసినది నిజంగా డిస్కుకు చేరిందని నిర్ధారించుకోవడానికి ఎస్‌క్యూలైట్ ప్రతి లావాదేవీ చివర వేచి ఉంటుంది. అందువలన వెయ్యి వరుసలను వెయ్యి విడి లావాదేవీలుగా చేరిస్తే చాలా ఆలస్యమవుతుంది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కుపై సెకనుకు సుమారు 60 లావాదేవీలు మాత్రమే సాధ్యం. అవే వరుసలను ఒకే లావాదేవీలో చేరిస్తే సెకనుకు వేల సంఖ్యలో చేర్చవచ్చు. ఈ సంగతి తెలియక కొందరు వేగం కోసం సింక్రనస్ అనే అమరికను ఆపివేస్తారు. అప్పుడు వేగం పెరుగుతుంది గాని, రాస్తున్న సమయంలో కరెంటు పోతే డేటాబేసు మొత్తం చెడిపోవచ్చు. బ్యాటరీ లేని డెస్క్‌టాప్ కంప్యూటర్లలో ఈ ప్రమాదం ఎక్కువ. వాల్ పద్ధతిలో ఈ అమరికను నార్మల్ స్థాయిలో ఉంచితే, కరెంటు పోయినప్పుడు చివరి లావాదేవీలు కొన్ని పోవచ్చు గాని డేటాబేసు చెడిపోదు.

## నకలు తీయడం

సమాచారమంతా ఒకే ఫైలులో ఉన్నందున, ఆ ఫైలును మరొకచోటికి నకలు చేస్తే సరిపోతుందని అనిపిస్తుంది. అనువర్తనం పూర్తిగా మూసి ఉన్నప్పుడు ఇది నిజమే. నడుస్తున్నప్పుడు అలా చేస్తే, సగం పాత పుటలు, సగం కొత్త పుటలు గల నకలు తయారు కావచ్చు. వాల్ పద్ధతిలో కొత్త లావాదేవీలు పక్క ఫైలులో ఉంటాయి కాబట్టి అసలు ఫైలును మాత్రమే నకలు తీస్తే అవి అందులో ఉండవు. కంప్యూటరు అర్ధాంతరంగా ఆగినప్పుడు మిగిలిపోయిన జర్నల్‌ను పనికిరాని ఫైలు అనుకొని తొలగించడం ఇంకా పెద్ద పొరపాటు. డేటాబేసును బాగుచేయడానికి కావలసిన సమాచారం అందులోనే ఉంటుంది.

నడుస్తున్న డేటాబేసుకు నకలు తీయడానికి 2009 నుండి ప్రత్యేకమైన బ్యాకప్ సదుపాయం ఉంది. 2019 నుండి వాక్యూమ్ ఇంటూ అనే ఒక్క ఆదేశంతో కొత్త ఫైలులోకి శుభ్రమైన నకలు తీయవచ్చు. తీసిన నకలును తెరిచి, ఇంటిగ్రిటీ చెక్ అనే తనిఖీని నడిపి చూడాలి. పాత నకలుపైనే కొత్త నకలు రాయడం మంచిది కాదు, ఎందుకంటే డేటాబేసు చెడిన సంగతి తెలిసేలోగా చెడిన నకలే మిగులుతుంది. చివరి కొన్ని నకళ్ళను తేదీల వారీగా ఉంచడం క్షేమకరం.

## కొత్త కూర్పులు, పట్టికల మార్పు

సర్వరు డేటాబేసు ఒకేచోట ఉంటుంది కాబట్టి పట్టికలను ఒకసారి మారిస్తే చాలు. అంతర్నిహిత డేటాబేసు మాత్రం ప్రతి వాడుకరి కంప్యూటరులోనూ ఒకటి ఉంటుంది. ఒకరు మొదటి కూర్పు నుండి నేరుగా ఐదవ కూర్పుకు మారవచ్చు, మరొకరు ఒక్కొక్క కూర్పునే అనుసరించవచ్చు.

ఇందుకోసం ఎస్‌క్యూలైట్ ఫైలు శీర్షంలో యూజర్ వెర్షన్ అనే ఒక సంఖ్యకు చోటు ఉంది. దీనిని ఎస్‌క్యూలైట్ వాడుకోదు, అనువర్తనానికే వదిలివేసింది. అనువర్తనం తెరుచుకోగానే ఈ సంఖ్యను చదివి, అప్పటి నుండి జరిగిన మార్పులను వరుసక్రమంలో అమలు చేసి, సంఖ్యను పెంచాలి. పట్టికలను మార్చే ఆదేశాలు కూడా లావాదేవీలలో ఇమడగలగడం ఎస్‌క్యూలైట్ విశిష్టతలలో ఒకటి. మధ్యలో ఏదైనా విఫలమైతే పట్టికలు పాత రూపంలోనే ఉండిపోతాయి. మార్పులకు ముందు ఒక నకలు తీయడం అవసరం. ఫైలులోని సంఖ్య అనువర్తనానికి తెలిసిన దానికంటే పెద్దదైతే, అది కొత్త కూర్పు రాసిన ఫైలు అని గ్రహించి, తాకకుండా వాడుకరికి తెలియజేయాలి.

స్థాపన ప్రోగ్రాముతోపాటు ఖాళీ డేటాబేసు ఫైలును పంపితే, కొత్త కూర్పును స్థాపించినప్పుడు ఆ ఖాళీ ఫైలు వాడుకరి ఫైలుపై పడి, ఏళ్ళ తరబడి చేర్చిన సమాచారాన్ని తుడిచివేయవచ్చు. ఖాళీ ఫైలును పంపక, మొదటిసారి నడిచినప్పుడు అనువర్తనమే పట్టికలను సృష్టించుకోవడం మేలు. అనువర్తనాన్ని తొలగించే ప్రోగ్రాము కూడా వాడుకరిని అడగకుండా డేటాబేసును తొలగించకూడదు.

## తెలుగు సమాచారం

ఎస్‌క్యూలైట్‌లో తెలుగు పాఠ్యాన్ని ఏ ప్రత్యేక అమరికా లేకుండా భద్రపరచవచ్చు. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. అయితే పొడవు, క్రమం, వెతుకులాట విషయాలలో కొన్ని మెలకువలు అవసరం.

* పొడవు: ఎస్‌క్యూలైట్ యూనికోడ్ సంకేతాలను లెక్కిస్తుంది గాని అక్షరాలను కాదు. మూడక్షరాల "తెలుగు" అనే మాటకు గుణింతపు గుర్తులతో కలిపి 6 అని జవాబు వస్తుంది.
* క్రమం: సాధారణంగా యూనికోడ్ వరుసలో అమరుస్తుంది. యూనికోడ్‌లో "ళ" అక్షరం "వ" కంటే ముందు ఉంది. అందువలన "కళ" ముందు, "కవి" తరువాత వస్తాయి. వర్ణమాల ప్రకారం "కవి" ముందు రావాలి. దీనికి అనువర్తనమే సొంత క్రమ సూత్రాన్ని నమోదు చేయవచ్చు, కాని అదే ఫైలును తెరిచే ఇతర ప్రోగ్రాములకు ఆ సూత్రం తెలియదు.
* పోలిక: "డెస్క్‌టాప్" వంటి మాటలలో పొల్లు తరువాత కంటికి కనబడని విభజన సంకేతం ఉంటుంది. అది ఉన్న మాట, లేని మాట ఎస్‌క్యూలైట్‌కు వేర్వేరు. పేర్లను భద్రపరిచే ముందే ఒకే రూపంలోకి మార్చుకోవాలి.
* వెతుకులాట: 2015లో వచ్చిన ఎఫ్‌టీఎస్5 అనే పూర్తిపాఠ్య శోధన సహజ అమరికలో గుణింతపు గుర్తులను మాటల మధ్య ఖాళీలుగా భావిస్తుంది. "కాకినాడ" అనే మాట క, క, న, డ అనే నాలుగు ముక్కలవుతుంది. గుణింతపు గుర్తుల వర్గాలను కూడా మాటలో భాగంగా గుర్తించమని పట్టికను సృష్టించేటప్పుడే తెలపాలి.

## భద్రత

డేటాబేసు ఫైలును చదివే అనుమతి ఉన్నవారెవరైనా అందులోని సమాచారమంతా చూడగలరు. సాధారణ ఎస్‌క్యూలైట్‌లో గుప్తీకరణ లేదు. దానికి రూపకర్తలే అమ్మే ఒక అదనపు భాగం గాని, స్వేచ్ఛగా లభించే ఎస్‌క్యూఎల్‌సైఫర్ గాని వాడాలి. తొలగించిన వరుసల ఆనవాళ్ళు ఖాళీ పుటలలో మిగిలి ఉండవచ్చు. వాక్యూమ్ ఆదేశం ఫైలును తిరిగి రాసి వాటిని తొలగిస్తుంది. వాడుకరి టైపు చేసిన మాటలను ఎస్‌క్యూఎల్ వాక్యంలో నేరుగా అతికించక, వాటికి ఖాళీ గుర్తులు ఉంచి విలువలను విడిగా అందించాలి. లేకపోతే పేరులో ఒక కొటేషన్ గుర్తు ఉన్నా వాక్యం చెడిపోతుంది.

## పరిమితులు, ఇతర డేటాబేసులు

అనేక కంప్యూటర్ల నుండి అనేకమంది ఏకకాలంలో రాయవలసిన చోట ఎస్‌క్యూలైట్ తగదు, అక్కడ సర్వరు డేటాబేసు అవసరం. ఒకే కంప్యూటరులో, ఒకే అనువర్తనం వాడే సమాచారానికి మాత్రం ఇది చక్కగా సరిపోతుంది.

అపాచీ డెర్బీ, హెచ్2 జావా అనువర్తనాల కోసం రూపొందిన అంతర్నిహిత డేటాబేసులు. ఫైర్‌బర్డ్‌ను సర్వరుగానూ, అంతర్నిహితంగానూ వాడవచ్చు. బర్క్‌లీ డీబీ ఎస్‌క్యూలైట్ కంటే పాతది, దానిని 2006లో ఒరాకిల్ సంస్థ కొనుగోలు చేసింది. విశ్లేషణ పనుల కోసం రూపొందిన డక్‌డీబీ 2019లో విడుదలయింది. మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్ కాంపాక్ట్‌కు 2021తో మద్దతు ముగిసింది. అనువర్తనం వాడుకలో ఉన్నంతకాలం దాని ఫైలును చదవగల లైబ్రరీ కూడా ఉండాలి కాబట్టి, డేటాబేసును ఎంచుకొనేటప్పుడు వేగంతోపాటు ఈ అంశాన్ని కూడా చూడాలి.

## ఇవి కూడా చూడండి

* డేటాబేసు
* ఎస్‌క్యూఎల్
* యూనికోడ్
* ఆపరేటింగు సిస్టము